ఎనిమిదో వంట ఎందుకు చెడిపోలేదు

సరుకు బాగా వచ్చినందుకు క్వాలిటీ వాళ్ళకి కోపం రావడం మీరెక్కడా విని ఉండరు. నాకు వచ్చింది. మామూలు కోపం కాదు, చేతిలో ఉన్న వెల్డింగ్ రాడ్‌ని బల్లకేసి కొట్టేంత కోపం. కొడితే రాడ్ మీది పూత చెక్కు కూడా లేవలేదు. అంత బాగా వచ్చింది మరి. దాంతో నా కోపం ఇంకాస్త పెరిగింది.

ఇప్పుడు ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు భిలాయి స్మృతి నగర్‌లో మా ఇంటికి అప్పుడప్పుడూ వస్తుంటారు. ల్యాప్‌టాప్ తెరిచి నాలుగు అంకెలు కొట్టి, "ప్రయోగం డిజైన్ అయిపోయింది ఆంటీ" అంటారు. అయిపోయింది నాన్నా, తెరమీద. "మరి సరుకు కలిపే మనిషితో మాట్లాడావా?" అని అడిగితే, ఆయనతో ఏం మాట్లాడాలి అన్నట్టు నా ముఖంలోకి చూస్తారు. టీ తాగించి ఈ కథ చెబుతాను. టీ తాగినవాళ్ళు వినక తప్పదు కదా. మీకు టీ లేకుండానే చెబుతున్నాను.

తొంభైల మొదట్లో మాట. భిలాయి చుట్టుపక్కల చిన్న చిన్న రేకుల షెడ్డుల్లో రకరకాల ఫ్యాక్టరీలు నడిచేవి. నేను పనిచేసింది వెల్డింగ్ రాడ్లు చేసే చోట. మా నాన్న స్టీల్ ప్లాంటు మనిషి. సెక్టర్ సిక్స్ క్వార్టర్ నుంచి రోజూ సైకిల్ మీద షిఫ్టుకి వెళ్ళేవాడు. కెమిస్ట్రీ చదివిన కూతురు లూనా మోపెడ్ వేసుకుని రేకుల షెడ్డుకి ఉద్యోగానికి పోతుంటే ఆయనకి నామోషీగా ఉండేది. "ఏటే, నీకు ఆ షెడ్డు తప్ప దొరకనేదా?" అనేవాడు. దొరకలేదు. దొరికి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

రాడ్ చేయడం చెప్పుకోవడానికి చాలా తేలిక. ఇనప తీగ ముక్కకి ఒక పూత పూయాలి. ఆ పూతకి కావలసిన పొడులన్నీ సిలికేట్ అనే జిగురు నీళ్ళతో కలిపి ముద్ద చేస్తారు. దాన్ని అందరూ మసాలా అనేవాళ్ళు. ముద్దని ప్రెస్‌లో పెడితే తీగ చుట్టూ పూత పడి బయటికి వస్తుంది. ఆ రాడ్లను ట్రేల్లో పేర్చి కాసేపు గాలికి ఆరబెట్టి, తర్వాత భట్టీలో కాలుస్తారు. ఎండాకాలంలో ఇదంతా సాఫీగా సాగిపోయేది. వానలు పడ్డాయంటే మొదలయ్యేది గొడవ. పూత చెమ్మ పీల్చేది. ఆ రాడ్‌తో వేసిన అతుకులో లోపల గాలి బుడగలు పడి, విరగ్గొట్టి చూస్తే అట్టు మీద చిల్లుల్లా కనిపించేవి. కుమ్హారి దగ్గర నీళ్ళ ట్యాంకులు చేసే కాంట్రాక్టరు ఒకాయన, అలాంటి ఒక అతుకు ముక్కని మా యజమాని సేఠ్ బల్ల మీద పెట్టి మరీ తిట్టి వెళ్ళాడు.

మసాలా కలిపేవాళ్ళు ఇద్దరు. పగటి షిఫ్టులో పెద్ద మిస్త్రీ, రెండో షిఫ్టులో చిన్న మిస్త్రీ. పెద్దాయనది శ్రీకాకుళం వైపు. మా నాన్నకి ఎరుక. నేను బాబాయ్ అనేదాన్ని. సేఠ్ ముందు నన్ను మేడమ్ అని, ఆయన పక్కకి వెళ్ళగానే అమ్మా అని పిలిచేవాడు. చిన్న మిస్త్రీ ఆయన అల్లుడే. పని నేర్పిందీ ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే.

బాబాయ్ మసాలా ముద్దని గుప్పిట్లో పట్టి నొక్కేవాడు. అంతే. "సూడమ్మా, ముద్ద పిడికిట్లో పడితే నాకు తెలిసిపోతాది. ఇయేళ గాలి ఎలగుంది, సిలికేటు ఎంత తాగుతాది, అంతా తెలిసిపోతాది," అనేవాడు. నొక్కి, ఓ దోసెడు పొడి వేసేవాడు, లేదా ఓ చెంబు సిలికేట్ పోసేవాడు. సేఠ్‌కి ఆయన హస్తవాసి మీద గుడ్డి నమ్మకం. చెడిపోయిన సరుకు ఎక్కువగా రెండో షిఫ్టుదే కావడంతో, ఆ నమ్మకానికి రెండో వైపు కూడా ఉండేది. అల్లుడు పనికిరానివాడని.

ఆ ఏడాది చలికాలం పోతుండగా సేఠ్ నన్ను గదిలోకి పిలిచి తేల్చేశాడు. "మేడమ్, దేఖియే. వానలు దిగేలోపు ఆ ఛోటా మిస్త్రీని తీసేస్తాను. ఇంకొకణ్ణి పెట్టుకుంటాను."

"తప్పు మనిషిదని ఎలా తెలుసు సేఠ్‌జీ? మన పద్ధతిదేమో."

"పద్ధతి ఒకటే కదా. ఒకడి చేతిలో బాగుంది, ఇంకొకడి చేతిలో బాగోలేదు. మరి తప్పెవరిది?"

చూడటానికి తిరుగులేని వాదన. కానీ అంతకు కొద్ది రోజుల ముందే నేను కలకత్తా నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ దగ్గర నాలుగు రోజులు శిక్షణకి వెళ్ళి వచ్చాను. జపాన్ వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో ఒక మాట నన్ను పట్టుకుంది. మంచి రోజున, మంచి చేతిలో అన్నిటికన్నా బాగా వచ్చే సరుకు కోసం వెతక్కండి. చెడ్డ రోజున, మామూలు చేతిలో కూడా చెడకుండా నిలబడే పద్ధతి కోసం వెతకండి అని. వాననీ ఆపలేం, ఒక మనిషి చేతిని ఇంకో మనిషికి తగిలించనూ లేం. ఆ రెండూ ఎలా మారినా లెక్కచేయని మసాలా కావాలి. అలాంటిది ఉందా లేదా అన్నది వెతకవచ్చు.

అదే సేఠ్‌కి చెప్పాను. "ఒక్కసారి ప్రయోగం చేయనివ్వండి. తప్పు మనిషిదే అని తేలితే, మీ ఇష్టం." ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. "కరో, చేయండి. కాగితం మీద లెక్కలు మీకు తెలుసు. మనుషులు నాకు తెలుసు," అన్నాడు.

మా చేతిలో మార్చగలిగినవి నాలుగు. సిలికేట్ ఎంత, ఎంతసేపు కలపాలి, గాలికి ఎంతసేపు ఆరబెట్టాలి, భట్టీ వేడి ఎంత. ఒక్కోదాన్ని మూడు రకాలుగా మార్చి చూడాలనుకున్నాను. అన్ని కలయికలూ చేస్తే ఎనభై పైచిలుకు. ఆ జపాన్ పద్ధతిలో గొప్ప ఏమిటంటే, జాగ్రత్తగా ఏరుకుంటే తొమ్మిదితో సరిపోతుంది. ఆ తొమ్మిదింటినీ మావాళ్ళు వంటలన్నారు. మొదటి వంట, రెండో వంట అని. ప్రతి వంటా ఇద్దరు మిస్త్రీలూ విడివిడిగా చేయాలి. కలిపినవాడే తన ట్రేలను భట్టీ దాకా చూసుకోవాలి. ప్రతిదాంట్లో సగం రాడ్లు మామూలు గాలిలో, సగం చెమ్మలో ఆరాలి.

ఎండాకాలంలో చెమ్మ ఎక్కడిది అంటారా? తయారుచేశాను. షెడ్డు వెనక ఒక చిన్న రేకుల గది ఖాళీ చేయించి, గోడల నిండా తడి గోనెసంచులు వేలాడదీసి, ఒక పెద్ద కూలర్ పెట్టించాను. లోపలికి అడుగుపెడితే శ్రావణమాసమే. అందరూ దాన్ని "మేడమ్ బారిష్", అంటే మేడమ్ గారి వాన, అనేవాళ్ళు. భిలాయి వైశాఖం ఎండ ఎలాంటిదో మీకు తెలుసుగా. టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఒక్కొక్కరూ అందులో చేరిపోయేవాళ్ళు. తలుపు తెరిస్తే చెమ్మ పోతుందని ఒక రోజంతా అరిచాను. రెండో రోజు తాళం వేశాను. మూడో రోజు, తాళం నా దగ్గరే ఉంది కాబట్టి, నేను ఒక్కదాన్నే లోపల కూర్చుని అన్నం తిన్నాను. పెద్ద ఉద్యోగంలో ఆమాత్రం సుఖం ఉండాలి.

తొమ్మిది వంటల్లో ఎనిమిదోది ఒట్టి చెత్త. నాకు ముందే తెలుసు. సిలికేట్ అన్నిటికన్నా ఎక్కువ, ఆరబెట్టడం అన్నిటికన్నా తక్కువ, భట్టీ అన్నిటికన్నా వేడి. నీరు లోపల ఉండగానే పైపూత గట్టిపడి, పగుళ్ళు తీసి, చెమ్మ గదిలో పెడితే పెచ్చులుగా ఊడిపోవాలి. ప్రయోగంలో మంచి వంటలు ఎంత అవసరమో అదీ అంతే అవసరం. ఏది చెడగొడుతుందో తెలియకపోతే ఏది బాగుచేస్తుందో ఎలా తెలుస్తుంది?

ఎనిమిదో వంట పెచ్చులు ఊడలేదు. మామగారి రాడ్లూ నున్నగా ఉన్నాయి, అల్లుడి రాడ్లూ నున్నగా ఉన్నాయి. ఒకే వెల్డర్ చేత అన్నిటితోనూ అతుకులు వేయించి విరగ్గొట్టి చూస్తే, తొమ్మిది వంటలూ పెళ్ళివారికి పెట్టదగినట్టే ఉన్నాయి. నేను రాడ్ బల్లకేసి కొట్టింది అప్పుడే.

సేఠ్ మాత్రం సంతోషంగా ఉన్నాడు. ఆయన సంతోషమే అసలు ప్రమాదం. "చూశారా మేడమ్? తొమ్మిది రకాలుగా చేసినా బాగానే వచ్చింది. అంటే పద్ధతిలో తప్పు లేదు. మీరు నెత్తిమీద నిలబడి చూస్తుంటే ఆ ఛోటా బాగా చేశాడు. ఎవరూ చూడనప్పుడు పాడుచేస్తున్నాడు. నేను చెప్పింది అదే కదా!"

అల్లుడి ఉద్యోగం నిలబెడదామని మొదలుపెట్టిన ప్రయోగం ఆ ఉద్యోగానికి ఉరితాడు పేనింది. ఇంకొక్కసారి చేస్తానని సేఠ్‌ని బతిమాలుకున్నాను. లేదు, బతిమాలలేదు. గట్టిగానే చెప్పాను. ఆ రోజుల్లో నాకు బతిమాలడం రాదు. ఎనిమిదో వంట చెడిపోకపోవడం అసాధ్యమనీ, ఎవరో వేలు పెట్టారనీ, అది కనుక్కుని మళ్ళీ చేస్తాననీ అన్నాను. వానలు దిగేలోపు తేల్చండి అని వదిలేశాడు.

వేలు పెట్టింది ఎవరో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ ఆదివారం పొద్దున్నే లూనా వేసుకుని ఖుర్సీపార్‌లో బాబాయ్ ఇంటికి వెళ్ళాను. కూతురూ అల్లుడూ కూడా అక్కడే పక్క గదిలో ఉండేవాళ్ళు. పిన్ని నాకు ఉప్మా పెట్టింది. తినకముందే అడిగేశాను.

"బాబాయ్, ఎనిమిదో వంటలో ఏం చేశావు?"

ఆయన దాచలేదు. దాచాలని కూడా అనుకోలేదు. పైగా కొంచెం గర్వంగానే చెప్పాడు. "ఏటి సేసేను? సిలికేటు మరీ పలచనైపోనాది. నాలుగు దోసిళ్ళు పొడేసేను. ట్రేలు ఇంకాసేపు గాలికి ఉంచీసేను. మిగతా వంటలూ అలగే సరిసేసేను. చెడిపోతాదని తెలిసీ తెలిసీ నా సేత్తో ఎలగ తీసీమంటావమ్మా? ఇన్నేళ్ళయింది, ఈ సేతిమీంచి పాడు మాలు ఎల్లనేదు."

"మరి రెండో షిఫ్టులో?"

"ఆడి దగ్గర కూసున్నాను. టీ తాగుతా, ఓ సెయ్యేసేను. అల్లుడు కదమ్మా. కూతురి కాపురం కదా. నాను సూస్తా ఊరుకుంటానేటి?"

తల పట్టుకున్నాను. ఇంతకీ నేను రెండు షిఫ్టుల్లోనూ బాబాయ్ ఒక్కడి చేతినే పరీక్షించాను. ఏం జరిగిందో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే, గుమ్మంలో బియ్యం ఏరుతున్న కూతురు నాకన్నా ముందు అందుకుంది. ఆ పిల్ల భిలాయిలోనే పుట్టింది. కోపం వస్తే తెలుగు సగంలో వదిలేసేది.

"నాన్నా, నువ్వు పక్కనుంటే రాడ్లు బాగొచ్చాయి. నువ్వు లేనప్పుడు పాడైతే తప్పు ఈయనదే అని సేఠ్ అనడా? ఆప్‌నే తో ఇన్‌కో ఔర్ ఫసా దియా! సాయం అనుకుని ఇంకా ఇరికించీసేవు."

బాబాయ్ ముఖంలో గర్వం అప్పుడు దిగింది. నావైపు చూశాడు. నేను తలూపాను. అంతవరకూ గోడకానుకుని నేలచూపులు చూస్తున్న అల్లుడు మెల్లగా నోరు విప్పాడు. చాలా తక్కువ మాట్లాడే మనిషి.

"మావయ్యా, నన్నొగ్గీయండి. నా మసాలా నాను కలుపుకుంటాను. బాగోకపోతే బాగోదు. ఆ పేరేదో నాదే అవనీండి."

ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో నాకు అర్థమైంది. బాబాయ్‌తో చెప్పాను. ఈసారి ఎనిమిదో వంట చెడిపోవాలి. నీ చేతిలో చెడిపోవాలి, అల్లుడి చేతిలోనూ చెడిపోవాలి. నువ్వు గుప్పిట పట్టి చూడకూడదు. రెండో షిఫ్టు మొదలయ్యేసరికి గేటు బయట ఉండాలి. చెడ్డ సరుకు తీయమని నేనే అడుగుతున్నాను, పాపం నాది.

"ఆ పాడు మాలు సేఠ్ ముందరేనా?" అన్నాడు.

"సేఠ్ ముందరే."

పిన్ని వాతావరణం తేలిక చేద్దామనుకుందో, నిజంగానే కడుపులో ఉన్నది వచ్చేసిందో, ఇంకో గరిట ఉప్మా వేస్తూ అంది. "పోనీ, ఓసారి చెడగొట్టండి. వానలొచ్చాయంటే ఈ మడిసి ఆ ఫ్యాక్టరీకి కట్టీసిన గేదే కదమ్మా. రథయాత్రకి పూరీ తీసుకెల్తానని పెళ్ళయినకాణ్ణుంచీ సెప్తన్నారు. జగన్నాథుడు ఏటా రథం ఎక్కుతాడు. ఈయన రైలెక్కడు." అందరం నవ్వాం. బాబాయ్ నవ్వలేదు.

రెండోసారి తొమ్మిది వంటలూ చేశాం. బాబాయ్ మాట నిలబెట్టుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని మిక్సర్ పక్కన నిలబడేవాడు, ముద్ద జారుగా కనిపిస్తున్నా గుప్పిట్లోకి తీసుకోకుండా. షిఫ్టు అయిపోగానే సైకిల్ ఎక్కేసేవాడు. ఒక రోజు గేటు దాకా వెళ్ళి, సైకిల్ దిగి, రెండో షిఫ్టు మిక్సర్ చప్పుడు వింటూ నిలబడటం చూశాను. చప్పుడు బట్టే మసాలా పలచనైందని తెలిసిపోతుంది ఆయనకి. లోపలికి మాత్రం రాలేదు.

తేల్చే రోజు వచ్చింది. చెమ్మ గదిలో ఆరి, అక్కడే నిల్వ ఉన్న రాడ్లతో వేయించిన అతుకులన్నీ సుత్తితో విరగ్గొట్టించి, పొడుగాటి బల్ల మీద జతలు జతలుగా పేర్పించాను. ప్రతి వంటకీ ఒక జత. ఒకటి మామగారిది, ఒకటి అల్లుడిది. ఏది ఎవరిదో ముక్క అడుగున రంగు చుక్క ఉంది, పైకి కనిపించదు. సేఠ్ వచ్చాడు. మిస్త్రీలిద్దరూ వచ్చారు.

ముందు ఆరబెట్టే సమయం తక్కువగా ఉన్న మూడు జతలూ చూపించాను. ఎనిమిదో వంట వాటిల్లోదే. ఒక్కో జతలో అల్లుడి ముక్కని తిప్పి రంగు చూపించాను, చూడలేనంత ఘోరంగా ఉంది. సేఠ్ నావైపు ఓ చూపు చూశాడు, చెప్పలేదా అన్నట్టు. "రెండోది కూడా చూడండి," అన్నాను. రెండోదాని నిండా చిల్లులే. కొంచెం తక్కువ, అంతే. సేఠ్ ముక్క తిప్పి అడుగున రంగు చూశాడు. పెద్ద మిస్త్రీ రంగు. ఇంకోటి తిప్పాడు. అదీ అంతే.

బాబాయ్ ఆ ముక్క చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. "ఇది నా సేతిదేనా?" అన్నాడు చాలా చిన్నగా. ఇన్నేళ్ళలో ఆయన తన చెడ్డ సరుకుని ఎన్నడూ చూడలేదు. పుట్టకముందే సరిచేసేసేవాడు కదా. మా ఫ్యాక్టరీ పద్ధతిలో ఉన్న తప్పంతా రోజూ ఆయన గుప్పిట్లోనే దాక్కుంది. అల్లుడి గుప్పిట్లో దాక్కోలేకపోయింది, అంతే తేడా.

తర్వాత ఆరబెట్టే సమయం ఎక్కువగా ఉన్న మూడు జతలు. మూడో వంట, ఐదో వంట, ఏడో వంట. వాటిలో సిలికేట్ ఎక్కువ తక్కువలున్నాయి, కలపడంలో తేడాలున్నాయి, భట్టీ వేడిలోనూ తేడాలున్నాయి. విరిగిన చోట మాత్రం అన్నీ ఒకేలా, సన్నటి నిగనిగలాడే లోహపు గింజతో, చిల్లు అన్నది లేకుండా ఉన్నాయి. ముందు నెమ్మదిగా గాలికి ఆరితే లోపలి నీరు దానంతట అదే దారి చూసుకుంటుంది. ముద్ద కాస్త పలచనైనా, గాలిలో కాస్త చెమ్మ ఉన్నా అది సర్దుకుంటుంది. సరుకు తొందరగా బయటికి పోవాలని మేము ఇన్నాళ్ళూ కత్తిరించింది సరిగ్గా ఆ సమయాన్నే.

సేఠ్ వ్యాపారస్తుడు. కళ్ళ ముందున్నది ఒప్పుకోడానికి ఇంకో పరీక్ష పెట్టాడు. "మిస్త్రీ, ఈ మూడు జతల్లో నీవి ఏవో తీయి. నీ చెయ్యి నువ్వు గుర్తుపడతావుగా."

ఆయన గుర్తుపడితే, తేడా ఇంకా ఉన్నట్టే లెక్క. బాబాయ్ కళ్ళజోడు సరిచేసుకుని వంగాడు. ఒక్కో ముక్కా తడిమాడు. గోరుతో గీశాడు. చివరికి బాబాయ్ మూడు జతల్లోంచీ ఒక్కోటి తీసి పక్కన పెట్టాడు. "ఇయ్యీ నావి."

సేఠ్ వాటిని ఒక్కొక్కటే బోర్లించాడు. అందులో రెండు అల్లుడివి.

సేఠ్ ఆ ముక్కలు మళ్ళీ బల్ల మీద పెట్టి, అల్లుడి భుజం తట్టి, "ట్రేలు పెట్టుకోడానికి ఇంకా ర్యాకులు కావాలి కదా మేడమ్, రాసివ్వండి," అని వెళ్ళిపోయాడు. ఆయన క్షమాపణ అంతే. నాకు చాలు. అల్లుడు వెళ్ళి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు, చాలాసేపు కడుక్కున్నాడు. నేను ఆ రోజు ఇంటికెళ్ళి మా నాన్నకి చెబితే, ఆయన అంతా విని, "మీ షెడ్డు మంచిదేనే," అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడానికి అన్నేళ్ళు పట్టింది.

మర్నాడు బాబాయ్ నా గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అల్లుడి పని నిలబెట్టేవు తల్లీ. మరిచిపోను. గానీ ఒక్క మాట. ఎవులు కలిపినా ఒక్కలాగే వస్తాదంటే, నా సెయ్యెందుకమ్మా ఇంక?"

పిల్లలూ, మీ ల్యాప్‌టాప్ ఈ ప్రశ్న అడగదు. సరుకులో తేడా తగ్గించామని సంబరపడతాం. ఆ తేడాలో ఒక మనిషి పరువు కాపురముందని ఎవరూ చెప్పరు. నీ చెయ్యి గొప్పదని పొగడవచ్చు. అది అబద్ధం కాదు కూడా. కానీ ఆయన పొగడ్త కోసం అడగలేదు. నోటికొచ్చింది అనేశాను.

"ఆషాఢంలో పిన్నిని పూరీ తీసుకెళ్ళు బాబాయ్."

"వానల్లోనా? మసాలా ఎవులు సూస్తారు?"

"నీ అల్లుడు. ఇంకో మనిషిని నువ్వే నేర్పి పెట్టు. పద్ధతి ప్రకారం చేస్తే చాలు, గుప్పిట పట్టి చూడక్కర్లేదు."

ఆయన గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. నా మాట తప్పుగా తగిలిందేమో అని రెండు రోజులు బాధపడ్డాను. మూడో రోజు సెలవు కావాలని సేఠ్‌ని అడిగాడట. సేఠ్ పరుగున నా దగ్గరికి వచ్చాడు. "వానల్లో బడా మిస్త్రీ సెలవా? మీరు పూచీ పడతారా?" పడతానన్నాను. తొమ్మిది వంటలు, ఇద్దరు మనుషులు, ఒక నకిలీ వానాకాలం నా వెనకాల ఉండగా భయం దేనికి?

అయితే అసలు వాన అసలు వానే. వాళ్ళు రైలెక్కిన మర్నాడే దిగింది. రేకుల మీద ఆ మోతకి పక్క మనిషి మాట వినపడలేదు. ర్యాకుల నిండా పచ్చి రాడ్లు, గాలి నిండా చెమ్మ. ట్రేలు తొందరగా భట్టీలో పెట్టేద్దామా అని అల్లుడు ఒక్కసారి నావైపు చూశాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాను. ఆగాడు. ప్రతి లాట్ నుంచీ రాడ్లు తీసి అతుకు వేయించి విరగ్గొట్టి చూస్తూనే ఉన్నాను. సేఠ్ నా వెనక నిలబడి చూస్తూనే ఉన్నాడు. కొన్నాళ్ళకి ఆయనకి విసుగు పుట్టి రావడం మానేశాడు. క్వాలిటీ ఉద్యోగంలో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు ఎన్నడూ దొరకలేదు.

బాబాయ్ తిరిగి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. సన్నగా తుప్పర పడుతోంది. మిక్సర్ దగ్గరికి వెళ్ళలేదు, ర్యాకుల దగ్గర ఆగలేదు. గొడుగు ముడిచి నేరుగా నా గదిలోకి వచ్చాడు. ఈసారి గుమ్మంలో నిలబడలేదు. పూరీ నుంచి తెచ్చిన ఖాజాల పొట్లం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రథం గురించి చెబుతాడనుకున్నాను.

"నాను ఊళ్ళో లేనప్పుడు ఏటయినాదమ్మా?"

"ఏం కాలేదు బాబాయ్."

"ఏటీ అవనేదా?"

"ఏటీ అవలేదు."

ఆయన కిటికీలోంచి ర్యాకుల వైపు చూశాడు. అల్లుడు ట్రేలు పేర్చుకుంటున్నాడు, వెనక్కి తిరిగి చూడకుండా. బాబాయ్ కుడిచేయి ఒళ్ళో ఉంది. గుప్పిట ఒకసారి ముడుచుకుని, మళ్ళీ తెరుచుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూడకూడదని పొట్లం విప్పడం మొదలుపెట్టాను.

"అలగయితే," అన్నాడు, "వచ్చే ఏడు కాశీ ఎల్తాము."